మంచమెక్కితేనేనా బీమా?

ఆరోగ్యశ్రీ మొదలైంది 2007 ఏప్రిల్ 1న. తొలి విడతలో మూడే జిల్లాలు: అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. మన రాజాం అప్పట్లో శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సంతకవిటి, వంగర, రేగిడి ఆమదాలవలసలతో కలిసి విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. జిల్లా మారింది. పథకం పేరు కూడా ప్రభుత్వంతోపాటు మారుతూ వచ్చి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. కార్డు సంగతి మాత్రం ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. గుండెకు స్టెంటు వేయాలన్నా, కిడ్నీలో రాయి తీయాలన్నా ముందుగా అడిగేది ఆ కార్డునే.

అదే కార్డు పట్టుకుని, తెల్లారేసరికి చేతివేళ్లు బిగుసుకుపోతున్నాయంటూ ఓ ముప్పైఎనిమిదేళ్ల కూలీ మనిషి వైద్యమిత్ర బల్ల ముందు నిలబడితే ఏం జరుగుతుంది? పెద్దగా ఏమీ జరగదు. ఆమెకు ఆపరేషన్ అక్కర్లేదు, అడ్మిషన్ అక్కర్లేదు. ఆమె దగ్గరున్నది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతమేమోనన్న అనుమానం మాత్రమే. అనుమానానికి ప్యాకేజీ లేదు.

నిబంధనల్లో నెట్‌వర్క్ ఆసుపత్రులు ఉచితంగా ఓపీ చూడాలనే మాట ఉంది. పథకం జాబితాలో రుమటాలజీ అనే విభాగమూ ఉంది. కానీ ఆసుపత్రి చేతికి డబ్బొచ్చేది జాబితాలోని చికిత్స చేసినప్పుడే. రోగం ఏమిటో తేల్చే దశకు, నెలనెలా వాడాల్సిన మాత్రలకు, మూడు నెలలకోసారి చేయించాల్సిన రక్తపరీక్షకు సొమ్ము దాదాపుగా రోగి కొంగుముడిలోంచే రావాలి. కేంద్రం 2018 సెప్టెంబరులో తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌దీ అదే దారి. ఏడాదికి కుటుంబానికి 5 లక్షలు ఇస్తుంది గానీ, ఆసుపత్రిలో చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికొచ్చాక 15 రోజుల ఖర్చులను దాటి చూడదు. ఓపీ దాని పరిధిలోనే లేదు. అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనుమానంతో తిరిగే మనిషి, కాగితం మీద బీమా ఉన్నా, నిజానికి బీమా లేని మనిషే.

అలాంటివాళ్లు రాజాం చుట్టుపక్కల ఎక్కడో వెతకాల్సినంత అరుదుగా లేరు. ఖరీఫ్ వస్తే నారు పీకాలి, కట్టలు కట్టాలి, వంగి నాట్లు వేయాలి. గోగు సాగు బాగా తగ్గినా, కోసిన కర్రను నీళ్లలో ఊరేసి, నానాక నార వొలిచే పని ఇంకా పూర్తిగా పోలేదు. అన్నీ వేళ్ల మీద నడిచే పనులు. ఈ జబ్బు ముందుగా పట్టేది కూడా అక్కడే: వేళ్ల మొదళ్లలో, మధ్య కణుపుల్లో, మణికట్లలో, పాదాల వేళ్ల మొదళ్లలో. గోటి దగ్గరి చివరి కణుపును సాధారణంగా ముట్టుకోదు. తరచూ రెండు చేతులకూ ఒకే తీరున వస్తుంది. వయసుతో అరిగిన మోకాలు పని చేసేకొద్దీ నొప్పెడుతుంది. ఈ జబ్బు దానికి తిరగబడి నడుస్తుంది. పొద్దున్నే సీసా మూత తిప్పలేని చేయి, పనిలో పడ్డ గంటా రెండు గంటలకు కాస్త వదులవుతుంది. డాక్టరుకు మొదటి ఆనవాలు ఆ తేడాయే. మనిషిని ఏమార్చేదీ అదే. ‘పనిలో పడితే పోద్ది, ఏటవుద్ది, వాతమే కదా’ అనిపిస్తుంది. నెలలు గడుస్తాయి.

ఈ నెలలే ఖరీదైనవి. శరీర రక్షణ వ్యవస్థ సొంత కీళ్ల లోపలి పొర మీద దాడి చేసే ఈ జబ్బులో ఎముక కొరుకుడు చాలామందికి తొలి రెండేళ్లలోనే మొదలవుతుంది, ఒకసారి పోయిన ఎముక తిరిగి రాదు. లక్షణాలు కనిపించిన ఆరు వారాల్లో నిపుణుడు చూడాలని, మూడు నెలల్లో మందు మొదలవ్వాలని యూరప్ రుమటాలజీ నిపుణుల సమాఖ్య చెబుతోంది. బ్రిటన్‌లో ‘నైస్’ సంస్థ మార్గదర్శకం ఇంకో అడుగు ముందుకేసింది. చేతుల్లో, పాదాల్లో చిన్న కీళ్లు వాచి, వాపు తగ్గకుండా ఉంటే, రక్తపరీక్ష మామూలుగా వచ్చినా సరే, రోగి వచ్చిన మూడు పనిదినాల్లో నిపుణుడి దగ్గరికి పంపమంటుంది.

ఎంతమందికి ఉంటుందీ జబ్బు? ప్రపంచం మొత్తమ్మీద 2019లో సుమారు 1.8 కోట్ల మందికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందులో 70 శాతం ఆడవాళ్లే. ఢిల్లీ దగ్గరి పల్లెల్లో డాక్టర్ మాలవీయ బృందం చేసి 1993లో ప్రచురించిన సర్వేలో పెద్దవాళ్లలో 0.75 శాతం మందికి తేలింది. మహారాష్ట్రలోని భిగ్వన్‌లో డాక్టర్ అరవింద్ చోప్రా సర్వేలో సుమారు అర శాతం. ఆ లెక్కలే ఇక్కడా సరిపోతాయనుకుంటే, నాలుగు వేల మంది పెద్దలున్న పంచాయతీలో ఇరవై ముప్పైమంది ఉండాలి. వాళ్లలో ఎందరి దగ్గర జబ్బు పేరు రాసిన చీటీ ఉందో ఏ ఆశా కార్యకర్త రిజిస్టరులోనూ దొరకదు, ఎందుకంటే రిజిస్టరులో ఆ గడే లేదు. అసంక్రమిత వ్యాధుల జాతీయ కార్యక్రమం ప్రధానంగా చూసేది బీపీ, షుగరు, గుండె, పక్షవాతం, క్యాన్సర్లు. ఊళ్లోకి వచ్చే 104 వాహనం దగ్గరా క్యూ వాటికే.

ఉత్తరాంధ్రకు ఈ జబ్బుతో మరో చిక్కు ముడి ఉంది. పొగాకు పొగ రుమటాయిడ్‌కు దారితీసే కారణాల్లో బాగా రుజువైనది. శ్రీకాకుళం నుంచి విశాఖ వరకు తీరం పొడవునా నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు పాత తరం ఆడవాళ్లలో ఉంది. దాని మీద అర్ధ శతాబ్దంగా పరిశోధనలు వచ్చాయి. దాదాపు అన్నీ నోటి క్యాన్సర్ కోసమే. కీళ్ల వైపు నుంచి చూసినవాళ్లు తక్కువ.

జబ్బును తేల్చడం దగ్గరికొస్తే, డబ్బు లేనివాళ్లకు ఎక్కువ నష్టం జరిగేది పరీక్షలు చేయించకపోవడం వల్ల అనుకుంటాం. తప్పుడు వరసలో చేయించడం వల్ల జరిగే నష్టమూ తక్కువేం కాదు. ‘కీళ్ల ప్రొఫైల్’ అని ల్యాబు ఒక మూట కట్టి ఇస్తుంది. అందులో ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఉంటుంది, యూరిక్ యాసిడ్ ఉంటుంది, పిల్లల్లో వచ్చే రుమాటిక్ జ్వరానికి పనికొచ్చే ఏఎస్‌ఓ కూడా ఉంటుంది. నలభై ఏళ్ల స్త్రీ వాచిన వేళ్లకు ఆ చివరి పరీక్షతో పనేమిటో ఎవరూ చెప్పరు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ వస్తే ఇంటిల్లిపాదీ భయపడతారు. నిజానికి క్షయ, కుష్ఠు, హెపటైటిస్-సి ఉన్నా అది పాజిటివ్ రావచ్చు. ఏ జబ్బూ లేని ముసలివాళ్లలోనూ రావచ్చు. ఇటు రుమటాయిడ్ ఉన్న ప్రతి పదిమందిలో ఇద్దరు ముగ్గురికి నెగటివ్‌గానే ఉంటుంది. పాజిటివ్ చూసి అనవసరంగా మందులు మింగేవాళ్లు కొందరు, నెగటివ్ చూసి ‘ఏం లేదన్నారు’ అని ఇంటికెళ్లి వేళ్లు వంకర చేసుకునేవాళ్లు మరికొందరు. రెండో రకం తప్పే ఎక్కువ కీడు చేస్తుంది.

యాంటీ-సీసీపీ అనే పరీక్ష ఇంతకన్నా నమ్మదగ్గది. అది పాజిటివ్ అయితే ఈ జబ్బేనన్న నమ్మకం చాలా పెరుగుతుంది. ధర కూడా అలాగే ఉంటుంది. ఆర్‌ఏ ఫ్యాక్టర్ కొన్ని వందల్లో అయిపోతే, ఇది ప్రైవేటు ల్యాబుల్లో తరచూ వెయ్యి దాటుతుంది. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. నాలుగు రోజుల కూలి ఒక గొట్టం రక్తానికి. ఎక్స్‌రే చౌకే, కానీ తొలి నెలల్లో ఎక్స్‌రే మామూలుగా కనిపించడం ఈ జబ్బు స్వభావం.

2010లో అమెరికా, యూరప్ నిపుణులు కలిసి తయారుచేసిన కొలమానంలో పదికి ఆరు మార్కులొస్తే రుమటాయిడ్‌గా లెక్కిస్తారు. ఆ పదిలో అత్యధికంగా అయిదు మార్కులు ఏ యంత్రానికీ లేవు. ఎన్ని కీళ్లు, ఏ కీళ్లు అన్నదానికే ఉన్నాయి. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ-సీసీపీ రెంటికీ కలిపి మూడు, ఈఎస్‌ఆర్ లేదా సీఆర్‌పీకి ఒకటి, ఆరు వారాలు దాటితే ఒకటి. అంటే సగం నిర్ధారణ చేతివేళ్లతో తడిమి చూసే డాక్టరు దగ్గరుంది. అది చాలా చవకైన సాధనం. ఓపీలో రోగికి రెండు నిమిషాలైనా దక్కని చోట అదే దొరకనిదీ.

ఆరు వారాల గడువు ఊరికే పెట్టింది కాదు. జ్వరాల తర్వాత వచ్చే కీళ్ల వాపులు చాలావరకు ఆలోపే తగ్గుతాయి. చికున్‌గున్యా మాత్రం ఈ గీత దాటుతుంది. 2006లో దేశంలో సుమారు 13.9 లక్షల అనుమానిత కేసులు నమోదైన ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ కూడా గట్టిగానే దెబ్బతింది. చికున్‌గున్యా కీళ్లవాపు నెలల తరబడి ఉండి, అచ్చం రుమటాయిడ్‌లాగే కనబడి నిపుణులనే తికమక పెడుతుంది. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు ముందుగా గుర్తుతెచ్చుకోవాల్సింది, నొప్పులకు ముందు జ్వరం వచ్చిందా, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అన్నది.

ఇక ఎక్కడికి వెళ్లాలి? రాజాంలో ప్రభుత్వాసుపత్రి ఉంది, జీఎంఆర్ ఫౌండేషన్ ఆసుపత్రి ఉంది. శ్రీకాకుళంలో, విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. వాటిని దాటితే విశాఖ కేజీహెచ్. కీళ్లు అనగానే ఓపీ చీటీ ఎముకల విభాగానికి రాసేస్తారు. అక్కడి డాక్టరు విరిగినవి, అరిగినవి చూడటంలో దిట్ట. వాచిన కీళ్ల ఈ జబ్బు మాత్రం జనరల్ మెడిసిన్ వాళ్లది. చీటీ రాయించుకునేటప్పుడు ‘రెండు చేతుల వేళ్లూ వాస్తున్నాయి, పొద్దున్నే బిగుసుకుంటున్నాయి’ అని చెప్పి జనరల్ మెడిసిన్ అడిగితే ఒక పూట క్యూ మిగులుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి, వంద కిలోమీటర్ల విశాఖ ప్రయాణంలో ఒక ఖర్చు తగ్గింది. పోయిన కూలి మాత్రం పోయినట్టే.

ఆ కూలి పోకుండా ఊళ్లోనే అందేది ఇంకోటుంది. ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, నాలుగు మాత్రలు. సాయంత్రానికి వాపు దిగిపోతుంది. దిగకుండా ఎలా ఉంటుంది? అందులో చాలాసార్లు ఉండేది డెక్సామెథాసోనో ప్రెడ్నిసలోనో, అంటే స్టెరాయిడ్. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ మంచానపడ్డ రుమటాయిడ్ రోగికి కార్టిజోన్ ఇస్తే రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో ఆయనకు నోబెల్ వచ్చింది. కొద్ది ఏళ్లలోనే ఆ మందు అసలు రూపం బయటపడింది: ఉబ్బిన ముఖం, గుల్లబారిన ఎముకలు, పెరిగిన షుగరు. ఈనాటికీ స్టెరాయిడ్ ఈ జబ్బులో పనికొచ్చేదే, అసలు మందు పట్టుకునేదాకా కొద్ది వారాలు, కొద్ది మోతాదులో. పేరు చెప్పకుండా ఇచ్చినప్పుడే అది విషం. పైగా నిర్ధారణనూ చెడగొడుతుంది. సూది వేయించుకున్న వారానికి విశాఖ వెళ్తే డాక్టరు తడిమే వేళ్లకు వాపు తగలదు. ఊరూపేరూ లేని వాతం పొడుల్లోనూ స్టెరాయిడ్ కలిపి అమ్మిన ఉదంతాలు దేశంలో ఎన్నో.

నొప్పి మాత్రల సంగతి శ్రీకాకుళం వైపు మరీ జాగ్రత్తగా మాట్లాడాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు మూలకారణం ఇంకా తేలలేదు. డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు ఏళ్ల తరబడి మింగితే కిడ్నీ దెబ్బతింటుందన్నది మాత్రం ఎప్పుడో తేలింది. రాజాం ఉద్దానం కాకపోవచ్చు. అయినా క్రియాటినిన్ చూడకుండా నెలల తరబడి నొప్పి మాత్ర మింగించే హక్కు ఎవరికీ లేదు.

బీమాల్లో ఓపీని, మందులను కూడా మోసేది ఒకటుంది, ఈఎస్‌ఐ. రాజాం జూట్ మిల్లుల ఊరు కాబట్టి ఇది ఇక్కడ తెలిసిన పేరే. నెలకు 21,000 లోపు జీతం ఉన్న కార్మికుడు 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడితే, కార్మికుడికీ ఇంట్లోవాళ్లకూ చీటీ నుంచి ఆపరేషన్ దాకా అంతా అందులోనే. కానీ మిల్లు గేటుకు తాళం పడి చందా ఆగితే కొన్నాళ్లకు ఈఎస్‌ఐ కూడా ఆగుతుంది. నాట్లు వేసే మనిషికి అసలు గేటే లేదు.

కాస్త డబ్బున్నవాళ్లకు వచ్చే ఆలోచన ఇంకో రకం. ‘ముందు పాలసీ తీసుకుని తర్వాత పరీక్ష చేయించుకుందాం’. పాలసీకి ముందు మూడేళ్లలో డాక్టరు గుర్తించిన, సలహా ఇచ్చిన ప్రతి జబ్బూ పాత జబ్బు కిందకే వస్తుంది. దానికి గరిష్ఠంగా 36 నెలలు ఆగాలి, 2024కు ముందు 48 ఉండేది. దాచిపెడితే క్లెయిము పోతుంది. అమెరికాలోనైతే పాత జబ్బు ఉందని పాలసీయే నిరాకరించే పద్ధతి 2014లో ఒబామా చట్టం అమల్లోకి వచ్చేదాకా సాగింది. అక్కడి రోగుల్లోనూ చీటీలో జబ్బు పేరు పడకుండా తప్పించుకు తిరిగినవాళ్లు ఉన్నారు. ఇక్కడ ఆ లెక్క వేయడం మరీ దండగ, ఎందుకంటే మూడేళ్లు ఆగి సంపాదించే పాలసీ కూడా చాలావరకు ఆసుపత్రిలో చేరితేనే పలుకుతుంది. ఈ జబ్బుకు ఆ మూడేళ్లే కీలకం.

ప్రభుత్వం డబ్బు పెట్టడం లేదా? పెడుతోంది, చివర్లో. పూర్తిగా పాడైన మోకీలు మార్చడానికి ఆయుష్మాన్ భారత్‌లో ప్యాకేజీ ఉంది. చేతులు వంకరపోయి, సదరం శిబిరంలో వైకల్యం 40 శాతమని తేలితే 2024 జులై నుంచి నెలకు 6,000 పింఛను ఉంది. పింఛను ఇవ్వాల్సిందే, అందులో మాటే లేదు. కానీ ఏడాదికి అది 72,000. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ-సీసీపీ, సీఆర్‌పీ, రక్త కణాల లెక్క, లివరు, కిడ్నీ, హెపటైటిస్ పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే అన్నీ ప్రైవేటు ల్యాబులో చేయించినా సాధారణంగా ఒక నెల పింఛను మించవు. ప్రభుత్వమే టోకున చేయిస్తే ఇంకా తక్కువ. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో దేశంలో వైద్యానికైన మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం సొంత జేబులోంచి పెట్టిందే. అందులో పెద్ద భాగం ఇలాంటి మంచమెక్కని జబ్బులది.

విచిత్రమేమిటంటే, ఇంత చిక్కుదారి దాటి జబ్బు పేరు తెలుసుకున్నాక అసలు మందు చవక. మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కసారి మింగే మాత్ర, మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్. ఆ రెండూ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనకు నాయకత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాల నుంచే వచ్చాయి. అన్నదమ్ములిద్దరిని స్ప్రూ జబ్బుకు పోగొట్టుకున్న ఆయన ఆ జబ్బును నయం చేసే ఫోలిక్ యాసిడ్‌ను తన బృందంతో తయారుచేయించారు. దాన్ని అడ్డుకునే మందులు కూడా అక్కడే పుట్టాయి. సిడ్నీ ఫార్బర్ వాటిని పిల్లల లుకేమియాకు వాడారు. 1951లో అదే కుటుంబంలోని అమినాప్టెరిన్‌ను కీళ్లవాతానికి వాడి చూశారు. రుమటాయిడ్‌కు మెథోట్రెక్సేట్‌ను అమెరికా అధికారికంగా ఒప్పుకున్నది 1988లో. సుబ్బారావు 1948లోనే కన్నుమూశారు. ఆ మాత్ర ఇప్పుడు జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది, జన ఔషధిలో ఉంది.

చవకే గానీ, దానితో ఆటలాడకూడదు. వారానికోసారి వేయాల్సింది రోజూ వేసుకుని ప్రాణాలు పోయిన సంఘటనలు ప్రపంచమంతటా ఉన్నాయి. చదువురాని మనిషికి చీటీ మీద ‘ఆదివారం మాత్రమే’ అని రాస్తే చాలదు, ఇంట్లో ఒకరికి చెప్పి పంపాలి. గర్భం ధరించాలనుకునేవాళ్లకు ఇవ్వకూడదు.

రాజాం లాంటి చోట మార్పు కోసం పెద్ద భవనం కట్టక్కర్లేదు. అనుమానించడానికి మూడు గుర్తులు చాలని 2002లోనే యూరప్ నిపుణులు సూచించారు: మూడు లేదా అంతకన్నా ఎక్కువ కీళ్లలో వాపు, పొద్దున అరగంట లేదా అంతకు మించిన బిగువు, కరచాలనం చేసినట్టు పట్టుకుని నాలుగు వేళ్ల మొదళ్లను అడ్డంగా కలిపి నొక్కితే నొప్పి. ఈ నొక్కుడు పరీక్ష విలేజ్ క్లినిక్‌లోని ఆరోగ్య అధికారిణి అర నిమిషంలో చేయగలదు. బీపీ పట్టీ చుట్టేటప్పుడు ఎలాగూ చెయ్యి పట్టుకుంటుంది. మూడింటిలో ఒక్కటి కనబడ్డా పేరు రాసుకుని పైకి పంపాలి. ఈ-సంజీవని టెలివైద్యంలో ఆంధ్రప్రదేశ్ మొదటి నుంచీ ముందున్న రాష్ట్రం. వారంలో ఒక పూట ఆ తెర వెనక రుమటాలజిస్టును కూర్చోబెడితే, రాజాం ప్రభుత్వాసుపత్రిలో తీసిన రక్తం జిల్లా ల్యాబుకు వెళ్తే, రోగి విశాఖ బస్సెక్కాల్సింది ఒకసారే అవుతుంది.

ఆ తర్వాతి పరీక్షలు కూడా ఇక్కడే జరగాలి. మెథోట్రెక్సేట్ మొదలెట్టాక తొలి నెలల్లో తరచూ, ఆ తర్వాత రెండు మూడు నెలలకోసారి లివరు, కిడ్నీ, రక్త కణాలు చూడాలి. ఈ మూడు పరీక్షలకూ కొత్త యంత్రం అక్కర్లేదు, చీటీ మీద వాటిని రాసే డాక్టరు, ఉచిత పరీక్షల జాబితా, ల్యాబులో రీజెంట్ నిల్వ ఉంటే సరిపోతుంది. లేకపోతే పేరు తేలిన రోగి కూడా మూడో నెలలో మాత్ర మానేసి మళ్లీ ఊళ్లో సూది దగ్గరికే వెళ్తుంది.